జెండా ఎత్తినప్పుడు

బోనసుకి బదులు బొంబాయి చూపిస్తామన్నారు.
తొమ్మండుగురం ఒంగోల్లో రైలెక్కాం.
చీమకుర్తి దుమ్ము
చెవుల్లో ఉండంగానే దిగాం.

గైడు పిల్ల పేరు ప్రాజక్త.
మా మాలకొండయ్య ఎంత తిప్పినా నాలుక
పారిజాతం కాడే ఆగిపోయింది.
ఆ పిల్ల నవ్వి, అర్థం అదేలే అంది.

దాని చేతిలో కర్ర,
కర్రకి పసుప్పచ్చ జెండా.
గుంపు చెదిరితే పైకెత్తుద్దంట.
ఎత్తింది.
తొమ్మండుగురం ఒక్క దెబ్బన వెనక్కి పరిగెత్తాం.
హజరత్తయ్య అయితే
ఆగున్న టాక్సీ చాటున గొంతుక్కూచున్నాడు
రెండు చెవులూ మూసుకుని.

ఏం చేస్తాం.
ఇరవై రెండేళ్ళ నుంచీ
జెండా లేస్తే కొండ లేస్తది మాకు.
జెండా, ఈల, మందు,
ఆ తర్వాత ఎవరు లేరో లెక్క.
ఇక్కడ జెండా లేస్తే దగ్గరికి రావాలని
ఆ పిల్ల హిందీలో మూడుసార్లు చెప్పింది.
మీరావలి మాకు ఒక్క మాటలో చెప్పాడు:
"పేలదంటరా."

ఎడమ వైపు చూడండి.
కుడి వైపు చూడండి.
మెడ తిరిగేలోపల మేడ ఎనక్కిపోయేది.
ఎవరు కట్టించిందీ, ఏ సంవత్సరం,
లిఫ్టు పైకి పోను ఎన్ని సెకన్లు,
అన్నీ దానికి నోటికే వచ్చు.
సముద్రానికి ఇరవై నిమిషాలు ఇచ్చింది.
యాభయ్యో అంతస్తులో ఎవరిదో
ఆరేసిన లంగా కనబడితే
అంత పైకి నీళ్ళెట్టా ఎక్కుతాయో అడగరా
అన్నాడు మాలకొండయ్య.
పారిజాతం కాసేపు పైకి చూసి
తెలీదంది.
రెండ్రోజుల్లో ఆ పిల్ల మా మనిషైంది అప్పుడే.

మూడో రోజు ఒక పెద్ద భవంతి లోపలికి తీసుకుపోయింది.
ఏసీ. అద్దాలు. ఎవరూ గట్టిగా మాట్లాడ్డం లేదు.
కింద నల్లటి నేల, నేల నిండా బంగారు చుక్కలు.
ఎక్కడో సముద్రాలవతల నుంచి
తెప్పించిన రాయంట, కాగితం చూసి చదివింది.

నేను చెప్పులు విడిచాను.
చదవడం రాని నా అరికాలు
చదివింది.
హజరత్తయ్య మోకాళ్ళ మీద కూలబడి
వేలితో చుక్కల మధ్య దూరం కొలిచాడు.
"మూడో బెంచీ సరుకు."
"ఖాశిం చెయ్యి పోయిన ఏడా?"
"కాదులే, దానికి ముందేడు."

ఏమంటున్నారని పారిజాతం అడిగింది.
మీరావలి కాసేపు ఆలోచించి
రాయి బాగుందంటున్నారు అని చెప్పాడు.
సెక్యూరిటీ వచ్చి నా చెప్పులు నాకే చూపించాడు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే
మీరు పట్నం నుంచి వచ్చారు,
క్వారీ చూడాలన్నారు,
మేనేజరు నన్ను తోడు పంపాడు.
నా చేతిలో ఉంది ఎర్రజెండా.
దీన్నిప్పుడు ఎత్తాలంటే ఇబ్బందిగా ఉంది,
మీరు దగ్గరికొస్తారో
పారిపోతారో.

సరే, ఎడమ వైపు చూడండి.
చూడ్డానికేం లేదు, అవును.
అక్కడొక కొండ ఉండేది.
మా నాయన ఆడ మేకలు కాసేవాడు.
కుడి వైపు ఆ పచ్చటి నీళ్ళ గుంట
ఎంత లోతో ఎవరూ కొలవలేదు.
బొంబాయిలో చూసిన ఆ భవంతిని తలకిందులుగా దించితే
పడుతుందని మాలకొండయ్య అంటాడు.
వాడికి లెక్కలు రావు. నాకూ రావు.

అదుగో, క్రేను పక్కన
ఎడం చేత్తో టీ పోస్తున్నాడే, వాడు ఖాశిం.
ఫోటో తియ్యబాకండి, వాడికి నచ్చదు.
టీ తాగండి కావాలంటే, అల్లం బాగా దంచుతాడు.

ఈ టూరుకి టికెట్ లేదు.
టైము మాత్రం ఉంది.
పదకొండున్నరకి పై బెంచీకి మందు పెడతారు.
ఇంకో ఐదు నిమిషాల్లో
నేనీ జెండా ఎత్తుతా.

ఎత్తినప్పుడు మాత్రం
నా దగ్గరికి రాబాకండి.
ఆ టోపీ బల్ల మీద పెట్టి పోండి,
మధ్యాన్నం షిఫ్టు వాళ్ళకి కావాలి.